పిండిమరలో దిగొద్దు

జెనోవా, 3 సెప్టెంబరు 1986

అన్నయ్యా,

ఎలా ఉన్నావు? మోకాలు ఎలా ఉంది? బీర్బా ఎలా ఉంది? కుక్క సంగతి ఆఖర్న అడిగానని అలిగే మనిషివి కాబట్టి అన్నీ ఒకే గుక్కలో అడిగేశాను.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. మా మేడకి లిఫ్టు చెడిపోయి పన్నెండు రోజులైంది. నాలుగో అంతస్తు ఎక్కేసరికి నా ప్రాణం మూడో అంతస్తులోనే ఉండిపోతోంది. మా ఆయన బాతిస్తా ఉండుంటే ఎవరి మీదో ఒకరి మీద అరిచి బాగు చేయించేవాడు. ఆయన పోయి నాలుగేళ్లైనా, ఏదైనా చెడిపోయినప్పుడు ముందు ఆయన్నే పిలవబోతాను.

సరే, అసలు సంగతి. ఈ ఏడు సమాధుల పండక్కి పొద్దున బస్సులో వచ్చి, నాన్న సమాధి మీద చామంతులు పెట్టి, సాయంత్రం బస్సుకి పరిగెత్తడం నా వల్ల కాదు. అరవై ఆరు వచ్చాయి. ప్రతిసారీ నీ గుమ్మంలో నిలబడే మాట్లాడి వెళ్లిపోతున్నాను, కూర్చున్నది లేదు. అందుకని అక్టోబరు 28 నుంచి పది రోజులు అక్కడే ఉందామనుకుంటున్నాం. నేను, మరిలేనా, అల్లుడు ఎల్వియో. ఎల్వియో తన భోజనశాల మూసేసి మరీ కారులో తీసుకొస్తానన్నాడు. అత్తగారి కోసం కొట్టు మూసే అల్లుడు ఎక్కడైనా ఉంటాడా చెప్పు!

నీ ఇంట్లో దిగుతామని భయపడకు. నీకున్నది ఒక్క గది, ఒక్క మంచం, అది కూడా కుక్కతో పంచుకుంటావని నాకు తెలుసు. పర్యాటక శాఖ వాళ్లు అచ్చేసిన కాగితం ఒకటి ఎల్వియో తెచ్చాడు. ఈ మధ్య ఊళ్లలో రైతులంతా గదులు అద్దెకిస్తున్నారట. మన మోంతెరొవెల్లో పేరు కూడా అందులో ఉంది! వాగు పక్కన పాత పిండిమర ఉంది చూడు, దాన్ని గదులు చేశారట. తెక్లా కూడా తన పొలం ఇంట్లో పై గదులు ఇస్తోందట. రెండింట్లో ఏది బాగుంటుందో రాయి. నువ్వు అక్కడే ఉన్నావు, ఏ ఇంట్లో పరుపు మెత్తనో, ఏ ఇంట్లో నోరు మెత్తనో నీకే తెలుస్తుంది.

ఉత్తరం ఆలస్యం చెయ్యకు.

నీ చెల్లెలు
దెల్ఫీనా


మోంతెరొవెల్లో, 10 సెప్టెంబరు

దెల్ఫీనా,

ఉత్తరం అందింది. మోకాలు ఉంది. కుక్క బాగుంది.

పది రోజులు ఎందుకు?

నాన్న పోయి ఇరవై ఆరేళ్లు. ఇరవై ఆరేళ్లూ నీకు ఒక్క పూట సరిపోయింది. ఇప్పుడు పది రోజులు కావాల్సి వచ్చింది. అక్టోబరు ఆఖర్లో ఇక్కడ ఏముంటుంది? పొగమంచు, బురద. ద్రాక్ష కోతలు కూడా అయిపోతాయి. సరదాకి వచ్చేవాళ్లు జూన్‌లో చెర్రీలు తినడానికి వస్తారు. అక్టోబరు ఆఖర్లో వచ్చేవాడు ఒక్కదానికే వస్తాడు. అదేంటో నీకు నేను చెప్పక్కర్లేదు, త్రీఫోలా తవ్వేవాడి కూతురివి.

ఈ ఆలోచన నీదా, నీ అల్లుడిదా? అతను వంటవాడు. జెనోవాలో వంటవాడు చేపల సీజన్లో కొట్టు మూసుకుని, అత్తగారికి సమాధి చూపించడానికి కారేసుకుని వస్తాడా? నువ్వు మురిసిపో. నేను మురవను.

నువ్వు ఎప్పుడో ఊరొదిలేశావు, మర్చిపోయి ఉంటావు, మళ్లీ చెప్తున్నాను. నాన్న నాకు మూడు చోట్లు చూపించి పోయాడు. తెల్ల త్రీఫోలా, కుక్క ముక్కుకి తప్ప దొరకని, బంగారం ధర పలికే ఆ పుట్టగొడుగు, చెట్ల వేళ్లని పట్టుకుని ఏటా ఆ మట్టి కిందే పుడుతుంది, అదే చోట, ఇంచుమించు అదే వారంలో. చోటు ఎవడికి తెలిస్తే పంట వాడిది. రెండోవాడికి తెలిసిన రోజుతో మొదటివాడి పని సరి. నాకు పెళ్లాం లేదు, పిల్లల్లేరు, ద్రాక్షతోట ఎప్పుడో అమ్మేశాను. నాకున్నవి ఆ మూడు చోట్లు. పాపసంకీర్తనంలో ఫాదర్ అడిగినా చెప్పలేదు. అడిగాడు, నిజంగానే.

పిండిమరలో దిగొద్దు. గోడలు చెమ్మ. నీ కీళ్లు పట్టేస్తాయి. తెక్లా ఇల్లు అసలే వద్దు. నిన్నటి సూపు ఇవాళ పోస్తుంది, ఇవాళ్టి మాట నిన్ననే ఊరంతా చెప్పేస్తుంది.

ఒక్కదానివే పొద్దున బస్సులో రా. ఎప్పటిలాగే.

ఎవాజియో


జెనోవా, 16 సెప్టెంబరు

అన్నయ్యా,

నీ ఉత్తరం భోజనాల దగ్గర చదివాను. నవ్వి నవ్వి మరిలేనాకి నీళ్లు పొలమారాయి. "మామయ్య పోలీసు ఉద్యోగంలో చేరాల్సింది, పొలంలో ఉండిపోయాడు" అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు, కోపం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. తర్వాత మళ్లీ కోపం వచ్చింది.

నిన్ను చూడాలనిపించి పది రోజులు వస్తానంటే దానికి కారణం కావాలా? అమ్మ పోయాక నాకు జడలు వేసింది నువ్వే. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు వేసేవాడివి, బళ్లో అందరూ నవ్వేవాళ్లు, అయినా నేను విప్పేదాన్ని కాదు. ఆ మనిషితో ఒక పూట కూర్చుని తిందామనుకుంటే, నా అల్లుడు కొట్టు ఎందుకు మూస్తున్నాడని ఆరా తీస్తున్నావు.

ఎల్వియో పాపం ఏమీ అనుకోలేదు. ఊరికే రెండుసార్లు అడిగాడు, "మామయ్యకి పిండిమర ఎందుకు నచ్చలేదు?" అని. చెమ్మట అన్నాను. "ఈ మధ్యే బాగు చేయించిన గోడలకి చెమ్మేంటి?" అన్నాడు. నాకేం తెలుసు! తెక్లా ఇల్లు మ్యాపులో ఎక్కడో చూపించమన్నాడు. వాగు దాటి, ఓక్ చెట్ల అడవికి ఇవతల అని చెప్పాను. నాకు ఇంకా గుర్తుందే అని నాకే సంతోషం వేసింది.

సరే, నీకు ఆ రెండూ వద్దు కదా. ఇంకో రెండున్నాయి ఆ కాగితంలో. గుట్ట మీద సిస్టర్ల మఠంలో అతిథుల గదులు ఉన్నాయట, శుభ్రంగా ఉంటాయని రాశారు. ఇంకోటి బెల్లారియా అని, చెస్ట్‌నట్ తోట పక్కనున్న ఇల్లు. బొమ్మ కూడా వేశారు, కిటికీలకి ఆకుపచ్చ తలుపులు. ఆ కిటికీలోంచి మన పాత బాట కనిపిస్తుందనుకుంటా.

లిఫ్టు బాగైంది. ఎక్కినవాళ్లంతా దేవుడికి దండం పెట్టుకుని ఎక్కుతున్నారు.

నీ దెల్ఫీనా


మోంతెరొవెల్లో, 23 సెప్టెంబరు

దెల్ఫీనా,

నా ఉత్తరం భోజనాల దగ్గర చదువుతావా? నేను నీకు రాశాను, నీ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లకి రాయలేదు. ఇకమీదట వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి ఒక్కదానివే చదువుకో.

పిండిమర ఎందుకు వద్దో అడిగినవాడికి తెక్లా ఇల్లు ఎక్కడుందో ఎందుకు? మ్యాపులో చూపించావా? వేలు పెట్టి చూపించావా? సంతోషం వేసిందా? వెయ్యనీ.

మఠం వద్దు. పొద్దున అయిదింటికి గంట కొడతారు. వచ్చిన అతిథుల చేత ఉల్లిపాయలు తరిగిస్తారు. దారి నిట్టనిలువుగా ఉంటుంది, నీ వయసుకి పనికిరాదు. పైగా అడవి వైపు కిటికీలకి ఊచలు లేవు.

బెల్లారియా వద్దు. వాళ్ల కుక్కలు కరుస్తాయి. పోయిన ఏడు తపాలావాణ్ణి కరిచాయి. చెస్ట్‌నట్ తోటలో జారితే ఎత్తేవాడు ఉండడు.

ఆ అడవి చుట్టుపక్కల ఏ ఇల్లూ వద్దు, ఒక్కమాటలో చెప్తున్నాను.

అంతగా ఉండాలనుంటే ఇర్మా ఇంట్లో ఉండండి. నది అవతల, పెద్దరోడ్డు మీద, లారీలు ఆగే చోట. పరుపులు మంచివి, వేడినీళ్లు వస్తాయి, చేత్తో చేసిన పాస్తా పెడుతుంది. మన ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. అదే మంచిది.

నీ అల్లుడికి పొడుగు బూట్లు ఉన్నాయా? ఈ మధ్య కొన్నాడా? కుక్కని ఏమైనా పెంచుతున్నాడా? ఊరికే అడుగుతున్నాను.

బీర్బా కుడి చెవిలో పుండు పడింది. తగ్గింది.

ఎవాజియో


జెనోవా, 1 అక్టోబరు

అన్నయ్యా,

నీ ఉత్తరం పొయ్యి దగ్గరే చదివాను. కానీ మరిలేనా వెనకనుంచి చదివేసి, భోజనాల దగ్గర ఇర్మా ఇంటి సంగతీ సిస్టర్ల ఉల్లిపాయల సంగతీ చెప్పేసింది. ఉల్లిపాయలు తరగడానికి నాకేం ఇబ్బంది లేదని సిస్టర్లకి చెప్పు.

లారీలు ఆగే చోట దిగాలా నేను? రాత్రంతా బ్రేకుల మోత వింటూ పడుకోవడానికి జెనోవా చాలదా? ఊళ్లో నాలుగిళ్లుంటే నాలుగూ కాదన్నావు. తొమ్మిది కిలోమీటర్ల అవతల దొరికింది నీకు మంచి ఇల్లు. అన్నయ్యా, నేను అమాయకురాలినే కానీ మరీ అంత కాదు. నీకు నేను రావడం ఇష్టం లేదు. ఎందుకు ఇష్టం లేదో ఆలోచిస్తున్నాను.

మొన్న మన పెద్దమ్మ కొడుకు ఇక్కడ ఆస్పత్రికొచ్చి కనిపించాడు. ఆగస్టులో నీ ఇంటి ముందు తీగ మీద ఆడవాళ్ల ఆప్రాన్ ఒకటి ఆరేసి ఉందని చెప్పాడు. పూలది. తెక్లాకి పూల ఆప్రాన్లే కదా ఇష్టం, బళ్లో చదివేటప్పటినుంచీ. తెక్లా ఇంట్లో మాత్రం దిగొద్దన్నావు. "నిన్నటి సూపు ఇవాళ పోస్తుంది" అన్నావు. నిన్నా తిని ఇవాళా తిన్నవాడికే తెలుస్తుంది ఆ సంగతి! డెబ్బై ఒక్క ఏళ్లొచ్చాయి, చేసుకుంటే చేసుకో, నాకు దాస్తావెందుకు? నాకు చెప్పకుండా దాచడమే బాధ.

కుక్క సంగతి అడిగావు, వింతగా ఉంది. కిందటి వారమే ఎల్వియో ఒకదాన్ని తెచ్చాడు. చిన్నది, ఒళ్లంతా ఉంగరాల జుట్టు, ముక్కు ఎప్పుడూ నేలకే. మరిలేనాకి తోడుగా ఉంటుందన్నాడు. ఇంట్లో ఉన్న చెప్పులన్నీ లాక్కొచ్చి గుమ్మం దగ్గర పోస్తుంది. నీకెలా తెలిసింది?

28న బయల్దేరతాం. ఎక్కడ దిగాలో నువ్వు చెప్పకపోతే బెల్లారియాకే రాస్తాను.

నీ దెల్ఫీనా


మోంతెరొవెల్లో, 8 అక్టోబరు

దెల్ఫీనా,

ఆ ఆప్రాన్ నాది. వంట చేసుకునేటప్పుడు కట్టుకుంటాను. సంతలో పూలదే దొరికింది. నీ పెద్దమ్మ కొడుక్కి కళ్ల ఆస్పత్రికి బదులు నోటి ఆస్పత్రి చూపించాల్సింది.

ఇప్పుడు నా మాట విను.

సోమవారం పొద్దున పిండిమర దగ్గర తెల్లకారు ఆగింది. జెనోవా నంబరు. అందులోంచి ఒక మనిషి దిగాడు, బొజ్జ, కొత్త పొడుగు బూట్లు, దుకాణంలోంచి ఇప్పుడే తెచ్చినట్టు మెరుస్తున్నాయి. వెంట ఉంగరాల జుట్టు కుక్క. మనిషి చేతిలో మ్యాపు. ముందు పిండిమర చుట్టూ తిరిగాడు, తర్వాత తెక్లా పొలం గట్టు, అక్కణ్ణుంచి మఠం కింది వాలు, అక్కణ్ణుంచి బెల్లారియా. గుండ్రంగా తిరిగి తిరిగి ఓక్ అడవి మధ్యకి పోయాడు. మధ్యాహ్నం దాకా తవ్వాడు. తవ్విన గుంటలు పూడ్చను కూడా లేదు. నాన్న చూసుంటే అదే గుంటలో పాతేవాడు.

నేను రెండు ఉత్తరాల్లో నాలుగు ఇళ్లు వద్దన్నాను. ఆ నాలుగు ఇళ్ల మధ్యా ఏముందో లెక్కేసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, బల్ల మీద మ్యాపు పరిచి మధ్యలో ఒక చెంచా పెడితే చాలు. నేను దాచుకోవాలని రాసిన ప్రతి ముక్కా వాడికి దారి చూపించింది. నువ్వు చదివి వినిపించావు.

నా బతుకు పోయింది దెల్ఫీనా. ఈ వయసులో ఇంకో చోటు వెతుక్కోలేను.

ఒక్కటే అడుగుతాను. నీకు తెలుసా, తెలియదా? తెలిసే ఈ ఇల్లా ఆ ఇల్లా అని ఒక్కోటే అడుగుతూ వచ్చావా? నిజం రాయి.

ఎవాజియో


జెనోవా, 13 అక్టోబరు

అన్నయ్యా,

తెలియదు. నాన్న మీద ఒట్టు, తెలియదు.

సోమవారం సవోనా వెళ్తున్నాను, పెద్ద గిన్నెలు కొనాలి అని చెప్పి వెళ్లాడు. సాయంత్రం వచ్చేసరికి గిన్నెలు లేవు. బూట్లు మెట్ల మీదే విప్పి, కడిగి పైకి తెచ్చాడు. నేను బురదేంటి అన్నాను. రోడ్డు పని జరుగుతోందన్నాడు. కుక్క పొట్ట కింద కూడా బురదే. మన ఊరి మట్టి, ఎండితే పాలిపోయిన తెలుపు, ఆ మట్టి నేను గుర్తుపట్టాను అన్నయ్యా. గుర్తుపట్టి కూడా నోరు మూసుకున్నాను. నువ్వు నన్ను తిట్టాల్సింది దానికి. ఆ పూటే అడిగుండాల్సింది. అల్లుణ్ణి అడగడానికి భయపడ్డాను. వాళ్ల ఇంట్లో ఉంటున్న దాన్ని కదా.

నీ ఉత్తరం వచ్చాక అతని సొరుగు తీసి చూశాను. ఒకరి సొరుగు తియ్యడం నా జన్మలో ఇదే మొదలు. సైన్యం వాళ్లు వేసే పెద్ద మ్యాపు ఉంది. పిండిమర చుట్టూ పెన్సిలుతో సున్నా. తెక్లా ఇంటి చుట్టూ సున్నా. మఠం, బెల్లారియా. మధ్యలో అడవి మీద ఎర్రగా గీత కొట్టి ఉంది. పక్కన "ఈయన ఎక్కడ వద్దంటే అక్కడే" అని రాసుకున్నాడు. నేను అన్నం పెట్టే బల్ల దగ్గర కూర్చుని విన్నాడు అవన్నీ. నేను గొంతు మార్చి మార్చి, నీలాగా అనుకరిస్తూ చదివాను. అందరూ నవ్వాలని.

సాయంత్రం అతను రాగానే మ్యాపు ముందు పడేశాను. ముందు మ్యాపు మడతపెట్టబోయాడు. తర్వాత, "అత్తయ్యా, ఆయన పోతే ఆ చోట్లు ఆయనతోనే మట్టిలో కలిసిపోతాయి. మన ఇంట్లోవాళ్లకే దక్కితే తప్పేంటి?" అన్నాడు. ఇంట్లోవాళ్లట! ఇరవై ఆరేళ్లలో నేను నిన్ను ఒక్కసారి అడగలేదు, నీ చెల్లెల్ని అయ్యుండి. "ఏం దొరికింది మరి?" అన్నాను. "ఏమీ లేదు, కుక్క ఇంకా నేర్చుకుంటోంది" అన్నాడు. మ్యాపు తీసి పొయ్యిలో పెట్టాను. నీ ఉత్తరాలన్నీ, ఈ ఏటివే కాదు, బాతిస్తా ఉన్నప్పటివీ, నాన్న పోయినప్పుడు నువ్వు రాసినదీ, అన్నీ తెచ్చి వాడి కళ్ల ముందే అదే పొయ్యిలో పెట్టాను. ఏ ముక్కలో ఏముందో నాకేం తెలుసు? నీ మీద ఇంక ఎవడికీ ఒక్క అక్షరం దొరక్కూడదనుకున్నాను. నాన్న పోయినప్పటి ఉత్తరం కాలేటప్పుడు ఏడుపొచ్చింది, కానీ ఆపలేదు.

మరిలేనా నాతో మాట్లాడటం లేదు. మొగుడి సొరుగు తీశానని ఆవిడకి కోపం. ఆమె మాట్లాడక రెండు రోజులైంది, నా కూతురు అన్నయ్యా. ఒకే వంటింట్లో ఇద్దరం పక్కపక్కన నిలబడి వండుకుంటున్నాం.

నేను రావడం లేదు. కారులో వస్తే వాడితో రావాలి. బస్సులో వస్తే నువ్వు నా మొహం చూడవు, నా చెప్పులకి ఏ మట్టి అంటిందో చూస్తావు. నాన్నకి నా పేరు మీద కూడా చామంతులు పెట్టు. ఇరవై ఆరేళ్లలో ఇదే మొదటిసారి నేను పెట్టకపోవడం.

నన్ను క్షమించు.

దెల్ఫీనా


మోంతెరొవెల్లో, 18 అక్టోబరు

దెల్ఫీనా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఇది నాలుగోది.

ఓక్ అడవిలో ఏమీ లేదు.

ఎప్పుడూ ఏమీ లేదు. నేనూ నాన్నా ముప్ఫై ఏళ్లు తిరిగినా అక్కడ గోరంత కూడా దొరకలేదు. నువ్వు మొదటి ఉత్తరంలో వంటవాడు కొట్టు మూస్తున్నాడని రాయగానే నాకు అర్థమైంది. అందుకే పిండిమర వద్దన్నాను. గోడలకి చెమ్మ లేదు, అవి బాగానే ఉన్నాయి. తెక్లా సూపు కూడా మంచిదే. సిస్టర్లు పొద్దున ఏడింటికి గంట కొడతారు. బెల్లారియా కుక్కలు రెండూ ముసలివి, ఒకదానికి పళ్లే లేవు. వాడి చూపు ఆ అడవి మీద పడాలని ఒక్కో ఇల్లూ కావాలనే వద్దన్నాను. నువ్వు బల్ల దగ్గర చదువుతున్నావని తెలిసినప్పుడు నిన్ను తిట్టాను కానీ లోపల సంబరపడ్డాను. సోమవారం కంచె వెనకాల కూర్చుని వాడు తవ్వుతుంటే చూశాను. నవ్వు ఆపుకోలేక బీర్బా మెడలో మొహం దాచుకున్నాను.

అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. నువ్వు కూడా వాడితో కలిశావేమోనన్న అనుమానం ఒకటి మిగిలింది. అది తీర్చుకుందామని, నా బతుకు పోయిందని రాశాను. నువ్వు ఏం రాస్తావో చూద్దామని రాశాను. నువ్వు ఏం రాశావో చూశాను.

నాన్న పోయినప్పుడు నేను నీకేం రాశానో నాకు గుర్తు లేదు. రెండు రోజులుగా గుర్తు తెచ్చుకుందామని చూస్తున్నాను, రావడం లేదు. అది నీ దగ్గరే ఉండేది. నువ్వు దాన్ని ఉత్త అడవి కోసం కాల్చేశావు. సిగ్గుగా ఉంది. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

అందుకని ఇప్పుడు నిజం రాస్తాను. మూడు చోట్లలో రెండు ఎండిపోయాయి. కాలవ తవ్వినప్పుడు ఒకటి, చెట్లు కొట్టేసినప్పుడు ఒకటి. మిగిలింది ఒక్కటే. ఇర్మా ఇంటి వెనక కోళ్ల గూడు దాటాక నాలుగు లిండెన్ చెట్లున్నాయి, వాటికి బట్టలారేసే తీగలు కట్టి ఉంటాయి. మూడో చెట్టుకి రోడ్డు వైపు, రెండు అడుగుల దూరంలో. లారీలు పోతుంటాయి, ఎవడూ చూడడు. నేను పొమ్మన్న చోట ఎవడూ వెతకడని అక్కడే దిగమన్నాను మిమ్మల్ని. ఆదివారం ఇర్మా గుడికి వెళ్లగానే వెళ్తాను. నేను ఆదివారం పూజకి రాకపోవడానికి కారణం అదే. దేవుణ్ణి నమ్మనని ఫాదర్ ఇరవై ఏళ్లుగా నా కోసం ప్రార్థన చేస్తున్నాడు, పాపం.

ఇది ఇప్పటిదాకా ఏ ప్రాణికీ చెప్పలేదు. బీర్బాకి తప్ప.

రా చెల్లీ. ఎక్కడైనా దిగు.

ఎవాజియో


జెనోవా, 23 అక్టోబరు

అన్నయ్యా,

నీ ఉత్తరం గుడిలో కూర్చుని చదివాను. ఇంట్లో చదవలేదు. ఒక్కసారే చదివాను.

ముందు చాలాసేపు కోపం. నా కూతురితో మాటలు పోయాయి, ముప్ఫై ఏళ్ల ఉత్తరాలు పోయాయి, నువ్వేమో కంచె వెనక కుక్క మెడలో నవ్వుతున్నావు. ఎదురుగా ఉంటే ఆ పూల ఆప్రాన్ నీ నోట్లో కుక్కేదాన్ని.

తర్వాత లిండెన్ చెట్ల దగ్గర ఆగిపోయాను. ఏం అనుకున్నానో చెప్పనా? సంతోషపడతానని నువ్వు అనుకుని ఉంటావు. నేను అనుకున్నది ఇది: "ఇప్పుడెందుకు చెప్తున్నాడు? మళ్లీ పరీక్షా? నేను చిన్న పార పట్టుకుని ఇర్మా ఇంటి వెనక్కి వెళ్తానేమో చూద్దామనా?" సొంత అన్న నిజం చెప్తే నాకు మొదట తోచిన మాట అది. నా మీద నాకే అసహ్యం వేసింది. కానీ తోచింది, లేదని అబద్ధం ఎలా రాయను?

చూడు మన గతి. నువ్వు చెప్పింది నిజమో కాదో తెలియాలంటే నేను అక్కడికి వెళ్లి తవ్వాలి. తవ్వితే నువ్వు అనుకున్న దొంగని నేనే అవుతాను. తవ్వకపోతే నువ్వు నాకు నిజం చెప్పావో, ఇంకో ఉత్త అడవి చూపించావో నాకు చచ్చేదాకా తెలియదు. పైగా రేపు ఏ ఏడైనా నీకు అక్కడ ఏమీ దొరక్కపోతే, వాన పడలేదని అనుకోవు. దెల్ఫీనాకి చెప్పాను కదా అనుకుంటావు. నువ్వు ఇచ్చింది నాకొద్దు అన్నయ్యా. మర్చిపోదామని చూస్తున్నాను. మూడో చెట్టో నాలుగో చెట్టో ఇప్పటికే కాస్త అనుమానంగా ఉంది, రోజూ ఇంకాస్త మర్చిపోతాను.

ఇక దిగడం సంగతి. ఆ కాగితంలో ఉన్న ఇళ్లన్నీ మళ్లీ చూశాను. పిండిమరలో దిగితే నేను పొద్దున కిటికీ తీసి ఎటు చూశానో నీకు తెలియాలి. మఠంలో దిగితే సిస్టర్లని ఆరా తీస్తావు. తెక్లా ఇంట్లో దిగితే తెక్లానే నీకు వచ్చి చెప్తుంది. ఇర్మా ఇంట్లో దిగితే ఆదివారం నువ్వు వెళ్లలేవు. నేను ఎక్కడ దిగినా నీకు నిద్ర పట్టదు. ఒక్క చోటే ఉంది నువ్వు నిశ్చింతగా ఉండేది.

కాబట్టి నీ ఇంట్లోనే దిగుతున్నాను. 30వ తేదీ, గురువారం, మధ్యాహ్నం బస్సు. నేను ఒక్కదాన్నే. ఒక్క మంచమే ఉందని రాయకు, దాని మీద నేను పడుకుంటాను, నువ్వు కుర్చీలో కూర్చుని నన్ను కాపలా కాయి, బీర్బా ఎవరి పక్కన కావాలంటే వాళ్ల పక్కన పడుకుంటుంది. పది రోజులూ నీ ఎదురుగానే ఉంటాను. ఒకటో తేదీన ఇద్దరం కలిసి నాన్న దగ్గరికి వెళ్దాం. ఆదివారం నువ్వు ఎటు వెళ్తున్నావో అడగను, తిరిగొచ్చాక చేతులు వాసన చూడను. నమ్మకం లేకపోతే నన్ను లోపల పెట్టి బయట తాళం వేసుకుని వెళ్లు. నిజంగానే అంటున్నాను, వేసుకో. కానీ తిరిగొచ్చి తాళం తీశాక నాతో కూర్చుని తిను.

దెల్ఫీనా